కైలాసం మెట్రిక్కు, పోచమ్మ పోతు

ఆ పొద్దున దేవవ్వ వేసుకున్న లెక్క చాలా సులువైనది. మధ్యాహ్నానికి తమ్ముడు గంగయ్య జమ్మికుంట నుంచి పేపరు తెస్తాడు, అందులో కొడుకు కైలాసం నెంబరు ఉంటుంది, పొద్దుగూకేలోపు పోచమ్మ ముందు మేకపోతు తెగుతుంది. కొడుకు మెట్రిక్ పాసైతే పోతునిస్తానని ఆమె మొక్కు. ఏ ముక్క ఎవరికన్నది కూడా ముందే తేలిపోయింది. తొడ గంగయ్యకు, కార్జం పక్కింటి యాదవ్వకు, తలకాయ పూజారి భూమన్నకు.

కైలాసానికి ఏం మిగులుతుందో ఎవరూ అనుకోలేదు. ఆ పోతు పాలు మరవని పిల్లగా ఉన్నప్పటి నుంచి వేపకొమ్మలు విరిచి మేపింది అతనే. పాసు కావాలనీ ఉంది, పోతు పోవద్దనీ ఉంది. దేవుడు రెంటినీ ఒకే తాడుకు కట్టాడు.

గంగయ్య బండెడు చుట్టాలతో దిగాడు. కైలాసం పేపరును పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూశాడు. నెంబరు లేదు. లెక్కలు ముంచాయని తర్వాత తెలిసింది. ముప్పై అయిదు రావాల్సిన చోట ఇరవై రెండు వచ్చాయి.

గంగయ్య నేరుగా దొడ్లోకి పోయి పోతు వీపు నిమిరి పెద్ద నిట్టూర్పు విడిచాడు. "ఎంత పనాయె."

"పరీక్ష తప్పింది నేను మామా," అన్నాడు కైలాసం.

"నీకేందిరా, నీకు సెప్టెంబర్ల మళ్ల ఉంటది. గీళ్లు పొద్దటిసంది ఏం తినకుంట వచ్చిన్రు."

మగ్గం గుంటలోంచి తండ్రి సాంబయ్య తల ఎత్తాడు. "పోగు తెగితే అతుకు వెడతం గని మగ్గం తగులవెడతమా? సెప్టెంబర్ల రాస్తడు తియ్యి."

ఆ పూట బండెడు చుట్టాలూ పోతువైపు చూస్తూ పచ్చిపులుసు తిన్నారు.

మరునాటి నుంచి కైలాసం పరీక్ష కులమంతటి పరీక్ష అయింది. గంగయ్య వారం వారం పోతుకు పత్తిగింజలు పంపేవాడు, కైలాసానికి బెదిరింపులు పంపేవాడు. పోతు ఆషాఢానికి దూడంత అయింది, శ్రావణానికి బండి కట్టవచ్చునన్నంత అయింది. నమ్మకుంటే మానండి, దాని నీడన కోళ్లు పడుకునేవి.

కైలాసం కోడికూతకు లేచి, దొడ్లోని బాయి గట్టున కూర్చుని, త్రిభుజం మీద సిద్ధాంతం వల్లెవేసేవాడు. కునుకు వస్తే చేదతో నీళ్లు నెత్తిన గుమ్మరించుకునేవాడు. పక్కనే గుంజకు కట్టిన పోతు మీద సగం పడేవి. మొదట్లో అది ఒళ్లు జాడించి పుస్తకం తడిపేది. చదువు నోటికి ఎక్కాలని అతను తడిబట్టలతోనే దాని చుట్టూ తిరుగుతూ గొణిగేవాడు.

ఒకనాడు యాదవ్వ గోడమీదుగా ఇది చూసింది. తడిబట్టలు, పోచమ్మ పోతు, చుట్టూ ప్రదక్షిణం, నోట్లో గొణుగుడు. ఇంకేం కావాలి? మర్నాడు చెంబులో పసుపునీళ్లు, వేపాకుతో వచ్చేసింది.

"బిడ్డా, నా మోకాళ్లకు గూడ జర గా మంత్రం సదువు."

"గది మంత్రం గాదు పెద్దమ్మా, త్రిభుజం."

"ఏదైతేంది. గట్టిగ సదువు, నాకు చెవులు సరిగ ఇనస్తలెవ్వు."

చదవక తప్పలేదు. యాదవ్వ పోతు మీద చెంబు వంచి, చుట్టూ తిరిగి, ఇంటికి పోయింది. వారానికి ఆమె మోకాళ్ల నొప్పి తగ్గింది. పొద్దున్నే నడిచినందుకు తగ్గిందని చెప్పే ధైర్యం ఎవరికుంది? పది రోజుల్లో బాయి దగ్గర బారు కట్టారు. దగ్గున్నవాళ్లు, బర్రె పాలివ్వనివాళ్లు, అల్లుడు అలిగినవాళ్లు. ప్రతి ఒక్కరూ పోతు మీద చెంబెడు పసుపునీళ్లు పోసేవారు, ప్రతి ఒక్కరికీ కైలాసం సిద్ధాంతం మొదటి నుంచి చివరిదాకా చదివేవాడు.

"నిన్న చిన్నగ సదివినవ్, మా బర్రె మళ్ల తన్నింది," అని ఒకామె తగాదా పడింది.

"గియ్యాల రెండు సదువుత తియ్యవ్వా," అని రెండో సిద్ధాంతమూ ఎత్తుకున్నాడు. అట్లా బర్రెల పుణ్యమా అని పుస్తకమంతా నోటికొచ్చింది.

సెప్టెంబరులో రాశాడు. తర్వాత వచ్చిన పేపరులో అతని నెంబరు నల్లగా, నిండుగా ఉంది. దేవవ్వ ఏడ్చింది, సాంబయ్య మగ్గం దిగి వచ్చాడు, గంగయ్య ఈసారి రెండు బండ్ల చుట్టాలతో వచ్చాడు. కైలాసం మాత్రం నవ్వలేక, తాడు పట్టుకుని పోతును పోచమ్మ దగ్గరికి నడిపించాడు.

అక్కడొక కట్టుబాటు ఉంది. పసుపునీళ్లు చల్లితే పోతు ఒళ్లు జాడించాలి. దాన్ని జడ్తి అంటారు. జడ్తి ఇస్తేనే అమ్మ ఒప్పుకున్నట్టు, ఇవ్వకుంటే కత్తి ముట్టకూడదు.

భూమన్న వేపాకుతో నీళ్లు చల్లాడు. పోతు నెమరు వేసింది. చెంబెడు పోశాడు. పోతు కళ్లు మూసుకుంది.

"ఇంకిన్ని కొట్టు భూమన్నా," అన్నాడు గంగయ్య.

బిందెడు కుమ్మరించారు. చెవిలో పోశారు. పోతు రెండో చెవి కూడా ఇటు తిప్పి, సిద్ధాంతం ఇంకా మొదలుకాలేదేమని కైలాసం వైపు చూసింది.

భూమన్న చెంబు కింద పెట్టాడు. "అమ్మ ఒప్పుకుంటలేదు దేవవ్వా. మొక్కు పూర గాలేదంటుంది."

"పాసాయె గద," అంది దేవవ్వ. కొడుకు వైపు తిరిగింది. "ఇంకేమన్న సదువు మిగిలిందారా?"

కైలాసం పోతును చూశాడు. అబద్ధం ఆడే అవసరం రాలేదు. "పీయూసీ ఉన్నదవ్వా. కరీంనగర్‌ల."

"అగో, గదే. అమ్మకు ఎరుకే," అంది యాదవ్వ.

సాంబయ్య గొంతు సవరించుకున్నాడు. "అమ్మ అడుగుతుంటే కాదంటమా? పోనియ్యుండ్రి పిలగాన్ని."

"గా పీయూసీతోని అయిపోతదా?" అన్నాడు గంగయ్య.

"దాని తర్వాత బీయే మామా."

గంగయ్య కత్తిని గుడ్డలో చుట్టాడు. "అప్పటికి దీనికి పండ్లు ఊడుతయి, నాకూ ఊడుతయి."

రెండు బండ్ల చుట్టాలు మళ్లీ పచ్చిపులుసుకే కూర్చున్నారు. పోతు కైలాసం వెనుక నడిచి దొడ్లోకి పోయి, తన గుంజ దగ్గర తానే నిలబడింది. ఆ యేడు జిల్లా మొత్తంలో పరీక్ష తప్పి, పరామర్శ అక్కరలేకుండా ఇల్లు చేరింది అదొక్కటే.