మాయమైన ఐదో టిక్కు

"రాజమల్లూ, రాసి పెట్టుకో! దునియాల ఎంత తోపు నేరస్థుడైనా సరే, ఈ గజేందర్ దిమాక్ ముంగట సిద్దిపేట పొలిమేర దాటలేడు!"

నాతో ఈ మాట అన్నప్పుడు గజేందర్ మా జిరాక్స్ మిషన్‌లో ఇరుక్కున్న కాగితాన్ని లాగుతున్నాడు. సగమే వచ్చింది. మిగతా సగం కోసం నేను మిషన్ విప్పాను. షాపు మా ఇద్దరిదీ. పని నాది, పరిశోధన ఆయనది. ఆయన ఇంతవరకు ఛేదించిన కేసు ఒక్కటీ లేదు గానీ, విజిటింగ్ కార్డులు మాత్రం మా మిషన్ మీదే బోలెడు తీసుకున్నాడు.

అప్పుడే పక్క దుకాణం దర్జీ షౌకత్ మెడలో టేపుతో పరుగెత్తుకొచ్చాడు.

"గజేందర్ అన్నా, నా టిక్కు పోయింది!"

సంగతేమిటంటే, షౌకత్ ఫోన్‌లో హోటల్ గదులు బుక్ చేసే యాప్ ఒకటుంది. అతను చేసిన బుకింగ్ మీద ఎవరైనా వెళ్లి గదిలో ఉండొస్తే ఒక ఆకుపచ్చ టిక్కు పడుతుంది. ఐదు పడితే విశాఖ బీచ్ ఎదురుగా రెండు రాత్రులు గది ఉచితం. అందుకని పేటలో ఎవరు ఊరికి పోతున్నా వెంటపడి మరీ తన ఫోన్‌లోంచి గది బుక్ చేసిపెడుతున్నాడు. డబ్బు మాత్రం వెళ్లినవాళ్లు అక్కడి కౌంటర్‌లో కట్టుకోవాలి. భార్య షబ్నమ్‌కు సముద్రం చూపిస్తానని పెళ్లినాడు మాటిచ్చాడు పాపం. ఆఫర్ రేపు మధ్యాహ్నంతో ఆఖరు. టిక్కులు చూస్తే నాలుగే ఉన్నాయి.

"షబ్నమ్ బ్యాగు గూడ సర్దింది అన్నా. ఏ మొఖం పెట్టుకొని చెప్పాలె?" అన్నాడు షౌకత్.

గజేందర్ నల్లకళ్లద్దాలు పెట్టుకున్నాడు. "అనుకున్న! గిది అంతర్జాతీయ టిక్కుల ముఠా పని!"

"ముందుగాల ఐదో బుకింగ్ ఎవలిదో అడుగు," అన్నాను నేను.

"గజేందర్ అన్నదే. మొన్న హైదరాబాద్ పెండ్లికి పోయిండు గద," అన్నాడు షౌకత్.

ఇద్దరం గజేందర్ వైపు చూశాం.

"నన్నే అనుమానిస్తున్రా? నా పెండ్లాం వినీతతోని పోయి రాత్రంత ఉన్న. ఏసీ ఏసుకున్న. సబ్బు గూడ ఇంటికి తెచ్చిన. ఇంకేం సాక్ష్యం కావాలె?"

అది నిజమే. ఆ సబ్బు నేనూ చూశాను.

"షౌకత్ భాయ్, నీ ఫోన్ల యాప్ ఎక్కించింది ఎవలు?" గజేందర్ విచారణ మొదలుపెట్టాడు.

"మొబైల్ షాపు లింగమూర్తి."

"దొరికిండు దొంగ!"

ఎండ మండిపోతుంటే గజేందర్ మంకీ క్యాప్ బిగించుకుని బయల్దేరాడు. వెనక మేమిద్దరం. మమ్మల్ని చూడగానే లింగమూర్తి, "ఏంది గజేందరన్నా, సలిజరమా?" అని పలకరించాడు.

"నేను గజేందర్‌ను కాను. ఫోన్ గ్లాసు కొనుటకు విచ్చేసిన బాటసారిని."

పథకం ప్రకారం గ్లాసు అతికిస్తుండగా ప్రశ్నలతో కూపీ లాగాలి. కానీ లింగమూర్తి గ్లాసు ధర చెప్పగానే మావాడు కేసు మరిచిపోయి బేరంలోకి దిగిపోయాడు. ధరలో పావు వంతుకే అడిగాడు. లింగమూర్తి దండం పెట్టాడు.

"నీతోని నా వల్ల కాదన్నా. జర నన్ను గూడ బతకనియ్!"

"నాతోని పెట్టుకోకు లింగమూర్తీ!" బాటసారి మంకీ క్యాప్ తీసి విసిరేశాడు. "మొన్న హైదరాబాద్ లాడ్జోణ్ణే దిగ్గొట్టిన. కౌంటర్ కాడ గంట కొట్లాడి, నగదు చేతుల పెడత ఎంతకిస్తవ్ అన్న. యాప్ సంగతి నాకిడిశిపెట్టు, నాలుగు వందలు తగ్గిస్త అన్నడు. ఎట్లుంది మన దిమాక్?"

లింగమూర్తి షౌకత్ ఫోన్ అందుకుని పాత బుకింగ్ తెరిచాడు. "గట్లనా! గిదే సూడున్రి. 'అతిథి రాలేదు' అని ఉంది. యాప్‌కు కమీషన్ ఎగ్గొట్టెతందుకు, నువ్వు రానేలేదని కొట్టిండు వాడు. టిక్కు గాడనే పోయింది."

షౌకత్ అరిచినా బాగుండేది. స్టూలు మీద కూలబడి, "పోనియ్ అన్నా, నీకు మాత్రం ఏం తెలుసు," అన్నాడు.

గజేందర్ విసిరేసిన మంకీ క్యాప్ ఏరుకున్నాడు. "షౌకత్ భాయ్, ఇంకో రూం బుక్ చెయ్. మన పేటలనే. ఇయ్యాల్టికే. నేను పోయి ఉంట."

సాయంత్రం గజేందర్ వెంట నేనూ లాడ్జికి వెళ్లాను. కౌంటరతను గజేందర్ ఆధార్ కార్డు చూసి బిత్తరపోయాడు. "ఇల్లు రెండు గల్లీల అవతలనే ఉంది గద సార్, రూం ఎందుకు?"

"రహస్యం."

అతను ముందుకు వంగి గొంతు తగ్గించాడు. "యాప్ ఇడిశిపెట్టున్రి సార్. నగదిస్తే మూడు వందలు తగ్గిస్త."

గజేందర్ నా భుజం గట్టిగా పట్టుకున్నాడు. బస్సు కండక్టర్‌తో కూడా బేరమాడే మనిషి. నుదుటి మీద చెమట పోసింది.

"వద్దు. పూర్తి కిరాయి తీస్కో."

"పోనీ, నాలుగు వందలు తగ్గిస్త?"

"వద్దన్న గద! పరేషాన్ చెయ్యకు. నేను వచ్చిన్నని ముందుగాల యాప్‌ల కొట్టు!"

సామాను లేదు, బేరం లేదు. కౌంటరతను ఆ ఆధార్ కార్డును దీపం కింద పెట్టి మళ్లీ చూశాడు.

పొద్దున గజేందర్ గది ఖాళీ చేసి వచ్చేసరికి షబ్నమ్ షౌకత్ దుకాణంలోనే ఉంది. ఫోన్ మోగింది. ఐదో టిక్కు పడింది. అక్కడికక్కడే విశాఖ గది బుక్ చేశారు. షబ్నమ్ కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

"కిటికీల నుంచే సముద్రం కనిపిస్తదంట భాయ్! ఇంతకు నా టిక్కు కాజేసినోడు దొరికిండా?"

షౌకత్ తల ఎత్తకుండా గుండీ కుడుతున్నాడు. ఆమెకు ఏమీ చెప్పలేదన్నమాట. గజేందర్ నల్లకళ్లద్దాలు సర్దుకున్నాడు.

"దొరకక యాడికి పోతడు చెల్లె? రాత్రంత లాడ్జిల బంధించి, నేనే కాపలా కూసున్న."