పులులన్నిటినీ ల్యాప్‌టాప్‌లోకి తోలండి

అంతరించిపోతున్న జంతువులకు అడవి దండగ. నా మాట విని, మిగిలిన ఆ నాలుగింటినీ త్వరగా కంప్యూటర్ గేమ్‌లోకి తోలేసి తలుపు వేసేయండి. అటు జంతువులకూ సుఖం, ఇటు మనకూ సుఖం.

ఈ మాట దారినపోయే దానయ్య అనడం లేదు. ముప్ఫై నాలుగేళ్లు ఒక జూలో కీపరుగా పనిచేసినవాణ్ణి నేనంటున్నాను. పులికి మాంసం వేశాను. ఏనుగు కాలిగోళ్లు అరగదీశాను. కోతి చేత లెంపకాయ తిన్నాను. ఇప్పుడు ఉత్తరాదిన ఇందిరాపురంలో మా అమ్మాయి మైథిలి ఇంట్లో, ఇరవయ్యో అంతస్తు బాల్కనీలో కూర్చుని ఆలోచిస్తే, ఆ ముప్ఫై నాలుగేళ్లూ ఎంత అనాగరికంగా గడిచిపోయాయో అర్థమవుతోంది.

నా కళ్లు తెరిపించింది మా మనవరాలు అక్షర. పన్నెండేళ్ల పిల్ల. దాని ల్యాప్‌టాప్‌లో ఒక జూ ఉంది. నేను పనిచేసిన జూ కన్నా పెద్దది. మా జూలో ఖడ్గమృగం ఒక్కటే ఉండేది, అదీ ముసలిది. దీని దగ్గర పద్నాలుగున్నాయి. మంచు చిరుతలు తొమ్మిది. ఒళ్లంతా పొలుసులుండే అలుగులు ఎన్నున్నాయో దానికే తెలియదు. ఒకప్పుడు మా జూకి వచ్చిన ఒకే ఒక్క అలుగును రెండు నెలలు బతికించడానికి చీమల గుడ్ల కోసం చుట్టుపక్కల దిబ్బలన్నీ తవ్విపోశాం. గేమ్‌లో అలుగు ముందు పళ్లెం పెడితే చాలు. ఆ పళ్లెంలో ఏముందో అలుగూ అడగదు, మనమూ అడగం.

"ఇన్ని ఎందుకే?" అన్నాను ఒకరోజు.

"తాతయ్యా, యే సబ్ ఎండేంజర్డ్ హైఁ నా. బయట ఎంత తక్కువుంటే ఇక్కడ అన్ని పాయింట్స్," అంది తల తిప్పకుండా.

చూశారా! అడవిలో జంతువు తగ్గిపోతోందంటే మనం దిగులుపడతాం. గేమ్‌లో అది తగ్గేకొద్దీ దాని పరపతి పెరుగుతుంది. ఊరపిచ్చుకను ఇవాళ ఎవరూ అడగడం లేదు. మనందరం కలిసి ఇంకాస్త కష్టపడితే దానికీ మంచి రోజులు రాకపోవు.

సౌకర్యాల సంగతి చెప్పనే అక్కర్లేదు. మా రోజుల్లో పులికి వారానికి ఒకరోజు ఉపవాసం. కడుపు తేలికపడాలని డాక్టరు పెట్టిన నియమం. ఆ రోజు అది నన్ను చూసిన చూపు ఇప్పటికీ కల్లోకి వస్తుంటుంది. అక్షర పులులకు ఉపవాసాల్లేవు, ఏకాదశుల్లేవు. ఒక్కో పులి తల మీద ఒక్కో గీత ఉంటుంది. గీత పచ్చగా ఉంటే పులి ఆనందంగా ఉన్నట్టు, ఎర్రబడితే బాధపడుతున్నట్టు. ఇంత సులువైన సంగతి తెలియక నేను తెల్లారి లేచి పులి పెంట వాసన చూసి దాని ఆరోగ్యం తెలుసుకునేవాణ్ణి!

సంబంధాలు కూడా గేమే చూస్తుంది. రెండు పులుల్ని జతచేద్దామని నొక్కితే, దగ్గరి చుట్టాలైన పక్షంలో వద్దని హెచ్చరిక వస్తుంది. మేనరికాలు సాగవు. ఈ బటన్ మన ఇళ్లల్లో రెండు తరాల ముందు ఉండి ఉంటే ఎంత బాగుండేది?

ఒకరోజు ఖడ్గమృగం ఒకటి నడుందాకా గోడలోకి దిగబడిపోయింది. నేను కంగారుపడి లేచాను. మా జూలో ఏనుగు కందకంలో పడ్డప్పుడు క్రేను వచ్చేదాకా తొమ్మిది గంటలు దాని తొండం పట్టుకుని కూర్చున్నవాణ్ణి కదా. అక్షర గేమ్ మూసి మళ్లీ తెరిచింది. ఖడ్గమృగం గడ్డి మేస్తోంది. నేను కూర్చున్నాను.

ఇది పిల్లలాట అనుకునేరు. తెలుగువాళ్లే ఎక్కువున్న మా సొసైటీలో వేసవి సెలవులకు ఈ గేమ్ మీదే పోటీ పెట్టారు. ఎవరు ఎక్కువ అంతరించే జాతుల్ని కాపాడితే వాళ్లకు కప్పు. పేరు పిల్లలది, ఆడేది పెద్దలు. సొసైటీ అధ్యక్షులు రామమోహనరావు గారు పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. ఆయన బట్టమేక పిట్టల్ని ఎంచుకున్నారు. మా రోజుల్లో ఆ పిట్ట ఒక్కసారి కనపడితే చాలని కర్నూలు వైపు మెట్టభూముల్లో రోజుల తరబడి మాటుకాసిన వాళ్లు నాకు తెలుసు. రావు గారి దగ్గర పదకొండున్నాయి. అందులో ఒకటి జబ్బుపడితే ఆయన రెండు రోజులు వాకింగుకి రాలేదు.

ఇలా హాయిగా సాగిపోతుండగా ఒక నిజం పక్షి వచ్చి మా సంసారాల్లో చిచ్చుపెట్టింది.

మాది ఏ టవర్. ఎదురుగా బి టవర్. దాని పైకప్పు మీద నీళ్ల ట్యాంకు కింద ఒక అరుగుంది. చలికాలం పోగానే తెల్ల రాబందులు రెండు అక్కడ పుల్లలు, గుడ్డపీలికలు పేర్చి గూడు కట్టాయి. తెల్లటి ఒళ్లు, పసుప్పచ్చటి మొహం. గాజీపూర్ చెత్తకొండ మీదికి వెళ్లి భోజనం తెచ్చుకుంటాయి. ఏప్రిల్ నాటికి గూట్లో ఒక పిల్ల కనపడింది. పిల్ల మాత్రం నల్లగా ఉంటుంది. మా బాల్కనీ నుంచి నేనూ అక్షరా బైనాక్యులర్స్‌లో చూసేవాళ్లం. ఈ రాబందు కూడా లోకంలో తరిగిపోతున్న జాతే. గేమ్‌లో ఉంది. అక్షర చూపించింది. జాబితాలో అడుగున ఉంది. సందర్శకులకు నచ్చదట, ఎవరూ తీసుకోరట.

రాబందు వాలిన ఇంటిని ఆరు నెలలు పాడుపెట్టాలని మనవాళ్లలో ఒక మాట ఉంది కదా. పెంకుటింటికైతే పరవాలేదు. పద్దెనిమిదంతస్తుల టవర్‌ని పాడుపెట్టి జనం ఎక్కడికి పోవాలి? అసలు అరిష్టం ఎవరిది? ఈ ధర్మసందేహం తేల్చడానికి క్లబ్‌హౌస్‌లో మీటింగ్ పెట్టారు.

మీటింగ్ మొదట్లో రావు గారి బట్టమేక గుడ్డు పెద్ద స్క్రీన్ మీద పగిలి పిల్ల బయటికొచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. బి టవర్ పై అంతస్తులో ఉండే నాగేంద్రమ్మ గారు కళ్లు తుడుచుకున్నారు. ఆ తరవాత రెండో అంశానికి వచ్చారు.

"అరిష్టం పై అంతస్తు వాళ్లకేనండీ. వాళ్లు శాంతి చేయించుకుంటే సరిపోతుంది," అన్నారు రావు గారు.

"మా ఇంటి మీద యాడ వాలింది సార్?" అన్నారు నాగేంద్రమ్మ గారు. "ట్యాంకు కింద వాలింది. ట్యాంకు కామన్ ఏరియా."

"అది బి టవర్ ట్యాంకమ్మా. మాది ఏ టవర్ కదా."

"కామన్ అంటే అందరిదీ. మొన్న నా కారు పక్కకు జరపమని మీరే చెప్తిరి గదా ఈ మాట."

 అరిష్టం కామన్ ఏరియా కిందికే వస్తుందని సభ తీర్మానించింది. ఆదివారం అద్దాలు తుడిచే తాళ్లవాళ్లు వస్తారు. వాళ్లే గూడు దింపేస్తారు. పిల్ల సంగతి ఏదైనా సంస్థకు మెయిల్ పెట్టి కనుక్కుందామన్నారు.

పక్కనున్న అక్షర నా చొక్కా లాగింది. "తాతయ్యా, కుఛ్ బోలో నా," అంది చిన్నగా.

నేను మాట్లాడేది తక్కువ. బోనుల మధ్య బతికినవాడికి మాటలతో పని పడలేదు. ఆ రోజు మాత్రం లేచి, "అవి పక్షితీర్థం పక్షులండీ," అని కూర్చున్నాను.

అబద్ధం కాదు. తమిళదేశంలో పక్షితీర్థం కొండ మీదికి ఒకప్పుడు రోజూ మధ్యాహ్నం రెండు తెల్ల పక్షులొచ్చి పూజారి చేతి చక్కెర పొంగలి తిని వెళ్లేవి. కాశీ నుంచి రామేశ్వరం పోతూ దారిలో దిగుతాయని జనం నమ్మేవాళ్లు. అవి ఈ తెల్ల రాబందులే.

 నాగేంద్రమ్మ గారు రెండు చేతులూ జోడించారు. "మా అత్త చెప్తా ఉండేది. చూసినోళ్లకు మళ్లీ జన్మ లేదంట," అన్నారు. కాసేపటి క్రితం అందరిదీ అయిన పక్షి ఇప్పుడు తన ఇంటి మీద వాలిందని కూడా అన్నారు. తాళ్లవాళ్లను రద్దు చేశారు. అక్షర నా చెయ్యి పట్టుకుని ఊపింది. జీవితంలో ఒక్క మాట మాట్లాడి ఒక ప్రాణం కాపాడానని నాకూ కొంచెం గర్వం కలిగింది.

మర్నాడు పొద్దున బి టవర్ పైకప్పు మీద నలభై మంది ఉన్నారు.

జీడిపప్పు, నెయ్యి దండిగా వేసిన చక్కెర పొంగలి వచ్చింది. కర్పూరం వచ్చింది. బ్లూటూత్ స్పీకర్ వచ్చి స్తోత్రాలు అందుకుంది. ఎవరో డ్రోన్ తెచ్చి గూటి చుట్టూ ప్రదక్షిణ చేయించారు. గూటికి వీపు పెట్టి ఫోటో దిగని మనిషి లేడు. పక్క సొసైటీల వాళ్లకు సందేశాలు వెళ్లాయి. వాళ్లు చుట్టాలను తీసుకొచ్చారు. చుట్టాలు ప్రసాదం అడిగారు.

తల్లీ తండ్రీ ఎంతో ఎత్తులో తిరుగుతున్నాయి. కిందికి దిగలేదు. సాయంత్రం దాకా తిరిగి ఎటో వెళ్లిపోయాయి. రెండోరోజూ అంతే. పిల్ల అరుగు మూలకు నక్కి నోరు తెరుచుకుని ఉంది. మే నెల ఎండ. దాని చుట్టూ పొంగలి ఎండి గడ్డకట్టింది.

బైనాక్యులర్స్ దించి అక్షర అడిగింది. "ఆజ్ భీ నహీఁ ఆయీ పిల్ల వాళ్ల మమ్మీ. తాతయ్యా, దీనికి తల మీద రెడ్ లైన్ రాదు కదా. ఆ పైనున్నవాళ్లకెలా తెలుస్తుంది?"

నేను వెళ్లి రావు గారికి చెప్పాను. "పైకి ఎవర్నీ పోనివ్వకండి. తల్లి దిగడం లేదు. ఇంకో రోజైతే పిల్ల దక్కదు."

"దేవుడి దగ్గరికి వెళ్లొద్దని జనానికి ఎలా చెప్తామండీ శ్రీరాములు గారూ?" అన్నారాయన. "పక్షితీర్థం అని చెప్పింది మీరే కదా."

నిజమే. నేనే చెప్పాను. రాబందుగా ఉన్నన్నాళ్లు దానికి ఆదివారం దాకా గడువుంది. దేవుణ్ణి చేసి ఆ గడువు కూడా తీసేశాను.

మూడోరోజు మధ్యాహ్నం, అందరూ ఏసీలు వేసుకుని పడుకున్న వేళ, బి టవర్ పైకప్పు తలుపుకి ఎవరో తాళం వేసి, తాళం కన్నంలో పైపుల లీకులకు పెట్టే ఎం-సీల్ కుక్కేశారు. అది అర్ధగంటలో రాయిలా గట్టిపడుతుంది. ఎవరి పనో తెలియదు. గుర్తు తెలియని దుండగులని కమిటీ రాసుకుంది.

తాళం పగలగొడదామంటే, బిల్డరు ఆ పైకప్పును ఇంకా సొసైటీకి అప్పగించలేదని బయటపడింది. ఆయన అనుమతి కావాలి. ఉత్తరం రాయాలి. ఉత్తరం రాయాలంటే కమిటీలో సగం మంది సంతకాలు కావాలి. సగం మంది ఎండలకు తాళలేక నైనితాల్‌లో ఉన్నారు. ఈ దేశంలో జంతువులకు ఏ చట్టం అండగా నిలిచిందో నాకు తెలియదు గానీ, మా పక్షికి మాత్రం కాగితం పని నిలిచింది.

ఆ సాయంత్రమే తల్లి దిగింది. గాజీపూర్ నుంచి ఏదో కుళ్లిన ముక్క తెచ్చి పిల్ల నోట్లో పెట్టింది.  అక్షర నా బొటనవేలికి అంటుకుని గట్టిపడిన బూడిదరంగు ముద్దను చూసింది. లోపలికెళ్లి వాళ్లమ్మ గోళ్లరంగు తుడుచుకునే సీసా తెచ్చి, నా వేలు తన ఒళ్లో పెట్టుకుని దూదితో రుద్దడం మొదలుపెట్టింది.

భక్తులు రెండు రోజులు తలుపు దగ్గర నిలబడి దణ్ణం పెట్టుకున్నారు. తరవాత ఉక్కపోత భరించలేక క్లబ్‌హౌస్‌కి చేరుకున్నారు. పోటీ మళ్లీ ఊపందుకుంది. రావు గారి బట్టమేకలు పదిహేడయ్యాయట. నాగేంద్రమ్మ గారు ఎర్ర పాండాలు మొదలుపెట్టారట. పైకప్పు వైపు తల ఎత్తి చూసే తీరిక ఎవరికీ లేదు.

అందుకే ఈ గేమ్‌ను మించిన మేలు లేదంటున్నాను. అంతరించిపోయేవాటిని అది కాపాడుతుందని కాదు. వాటిని భయంతోనో భక్తితోనో చుట్టుముట్టే మనల్ని అది లోపల కూర్చోబెడుతుంది. ఏసీ ఉంటుంది, పాయింట్లు ఉంటాయి, గొళ్లెం పెట్టకపోయినా మనం బయటికి రాము. ఇంత మంచి బోను మా జూలో ఒక్కటీ లేదు.

కాబట్టి సొసైటీ పెద్దలకు నా మనవి. పోటీ గడువు పొడిగించండి. స్క్రీన్ ఇంకాస్త పెద్దది తెప్పించండి. ఏనుగుల్ని పెంచండి, తిమింగలాల్ని పెంచండి, ఏదైనా పెంచండి. బిల్డరుకి ఉత్తరం తొందరేమీ లేదు, తప్పుల్లేకుండా నిదానంగా రాయండి.

పిల్లకు రెక్క ఈకలు ఇంకా సగమే వచ్చాయి. ఎగరడానికి పన్నెండు రోజులైనా పడుతుంది.