మాటకు తరుగు

మంగయ్య లెక్క ప్రకారం ఆ పొద్దు పని పళ్లెంలో ఇడ్లీ చల్లారేలోపు అయిపోవాలి. ఇంజనీరు మేడం వస్తుంది, గోడ మీద మరక చూస్తుంది, టేపు పెడుతుంది, ఎత్తు రాసుకుంటుంది, చాయ్ తాగి పోతుంది. ఇందులో ఎక్కడా నష్టం వచ్చే చోటు లేదు.

తుమ్మలరేవుకి ఒక పక్క గోదారి, ఇంకో పక్క అడవి. అడవి పల్లెల్లో చింతపండు కొని ఖమ్మం పంపడం మంగయ్య వ్యాపారం. ఆ ఏడు ధర పెరుగుతుందని నమ్మి, కొన్నదంతా అమ్మకుండా ఆపాడు. సరుకంతా వాకిట్లో టార్పాలిన్ కింద గుట్టగా ఉంది. పెళ్లాం పిచ్చమ్మ మెడలోని పుస్తెలతాడు కూడా బ్యాంకు మీదుగా ఆ టార్పాలిన్ కిందికే చేరింది. గోదారి లేచేలోపు గోదాము లేవాలి. లేవకపోతే మంగయ్య లేవడు.

గోదాముకు పర్మిషన్ కావాలి. వరద తగిలే ఊళ్లలో ఏది కట్టినా, వెనకటి వరదలో నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో అంతకు రెండడుగుల పైన గచ్చు ఉండాలని కొత్తగా రూలు వచ్చింది. మంగయ్యకు ఆ రూలు మీద కోపం లేదు. కిందటి పెద్ద వరదలో వాళ్లింటికి మోకాలి లోతు నీళ్లు వచ్చాయి. తెల్ల గోడ మీద మోకాలి ఎత్తున గోదారి వదిలిన మరక ఇప్పటికీ ఉంది. దానికి రెండడుగుల పైన అంటే నడుము దాటుతుంది. ఆ ఎత్తుకు సరిపడా బేస్‌మెంట్ రాయి ముందే తోలించి పెట్టుకున్నాడు. మరక చూపించడం ఒక్కటే మిగిలింది.

చూపిద్దామని పొద్దున్నే వాకిట్లోకి వచ్చి చూస్తే మరక లేదు.

ముందు రోజు అతను ఇల్లందు పోయి రాత్రి చీకట్లో తిరిగొచ్చాడు. ఈలోగా పెద్ద మేడం వస్తుందని పిచ్చమ్మ ఇంటికి సున్నం కొట్టించింది. సున్నం కొట్టాక గోడ అడుగున ఎర్రమట్టి జాజు పూయకపోతే ఇల్లు బోడిగా ఉంటుందని జాజు కూడా పూసింది. ఎప్పుడూ జానెడు పూసేది, ఈసారి ఎర్రగా కిటికీ దాకా పూసింది.

"కిటికీ దాక ఎందుకే?"

"ఏం జెయ్యమంటవ్. అగ్గువకు దొరికిందని బస్తాడు జాజు దెచ్చి పడేస్తివి. కలిపింది పారబోస్తే నువ్వూకుంటవా?"

ఊరుకోడు. పారబోసింది చూస్తే అతనికి అన్నం సహించదు. కాబట్టి పోయి ఇడ్లీ ముందు కూర్చున్నాడు. కూర్చున్నాడో లేదో స్కూటీ చప్పుడైంది.

ఇంజనీరు పేరు రోజారాణి. మధిర అవతలి ఆంధ్రా మనిషి, ఉద్యోగానికి కొత్త. పట్నంలో వరద ఎత్తు తెలియడానికి కరెంటు స్తంభాల మీద ఎర్ర రంగు గీత గీస్తారు. ఆమె అవి చూసి వచ్చిన మనిషి. స్కూటీ దిగుతూనే గోడ చూసి మొహం వెలిగిపోయింది. ఎవరూ చెప్పకుండానే గుర్తు ఇంత శుభ్రంగా పెట్టుకున్న ఇల్లు ఈ మండలంలో చూడలేదని మెచ్చుకుంది. మంగయ్య నోట్లో ఇడ్లీ మింగేలోపు ఎర్ర పట్టీ పైఅంచుకు టేపు పెట్టేసింది. దానికి రెండడుగులు కలిపితే గోదాము గచ్చు మంగయ్య గొంతు దగ్గరికి వచ్చింది.

"మేడం, అది జాజు."

"జాజేనండి, కాదనట్లేదు. దేనితో గీస్తేనేం, గీత గీతే కదా."

అది వరద గీత కాదనీ, ఆడవాళ్లు అందం కోసం పూసేదనీ, అసలు మరక సున్నం కింద ఉందనీ మంగయ్య చెప్పాడు. రోజారాణి ఓపికగా విన్నది. బేస్‌మెంట్ తగ్గించుకోవడానికి ప్రతి ఊళ్లో ఒక కథ చెబుతారనీ, సున్నం కింద మరక అనేది ఇదే మొదటిసారనీ అన్నది. గొంతెత్తున గోదాము కట్టాలంటే ఉన్న రాయికి రెండింతలు కావాలి. ఆ రాయి చేరేసరికి వానలు చేరతాయి. అప్పుడే మంగయ్య జీవితంలో ఎన్నడూ చేయని పని చేశాడు. తన మాట నిజమో కాదో ఇరుగుపొరుగును అడగమన్నాడు.

ఎదురింటి దస్రు గేదెలు కడుగుతున్నాడు. తండా నుంచి దిగి వచ్చి ఈ వీధిలో ఇల్లు కట్టుకున్న మనిషి. అడవి పక్కన అతనికి చింతచెట్లున్నాయి, ఆ పండు మంగయ్యకే అమ్ముతాడు. టేపు పట్టుకున్న ఆఫీసరు వచ్చి, కిందటి వరదలో నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయని అడిగింది. ఆ ప్రశ్నకు తుమ్మలరేవులో ఒక్కటే అర్థం. నష్టపరిహారం సర్వే వచ్చింది.

"ఎంతొచ్చినయంటే ఏం జెప్పాలె మేడం. చూరు దాక. మా బర్రె ఈదుకుంట పొయ్యి కరెంటు తీగ పక్కపొంటి తలకాయ బెట్టింది."

మంగయ్య రోజారాణి వెనక నిలబడి చెయ్యి కిందికి కిందికి ఊపాడు, తగ్గించమని. తన వంతు పెంచుకోవడానికి ఇతరులది తగ్గించమంటున్నాడని దస్రుకు అర్థమైంది. చూరు నుంచి దస్రు ఇంటి కొప్పుకు ఎక్కాడు.

పక్కింటి వనజ అంట్లు వదిలేసి వచ్చింది. ఆమె చదువుకున్న మనిషి, కొప్పు మీద అంటే ఎవరూ నమ్మరని తెలుసు. అందుకని కొప్పుకు ఒక బెత్తెడు తక్కువ చెప్పింది. తన కుట్టుమిషను, మంచం, ఇంకా కొనని ఫ్రిజ్జు కొట్టుకుపోయిన సంగతి కూడా చెప్పింది. ఈలోగా వీధి సగం పోగైంది. ఒక్కొక్కరు చెప్పేకొద్దీ నీళ్లు పెరిగాయి. మొదటి హెచ్చరిక నుంచి మూడో హెచ్చరికకు గోదారి ఎక్కడానికి ఎంత లేదన్నా ఒక రాత్రి పడుతుంది. తుమ్మలరేవు ఒక పూటలో ఎక్కించింది.

మంగయ్య రోజారాణిని పక్కకు పిలిచాడు. తనకు తెలిసిన భాషలో చెబితే తప్ప లాభం లేదనుకున్నాడు.

"మేడం, మేం చింతపండు కొంటే తరుగు తీస్తం. గింజకింత, తడికింత, గోనెకింత. మిగిలిందే సరుకు. మా ఊరోళ్ల మాటకు గూడ గట్లనే తరుగు తియ్యాలె."

"ఎంత తీయాలండి?"

"మనిషిని బట్టి. వనజకు సగం తియ్యి. దస్రుకు మూడొంతులు."

ఇది మెల్లగానే చెప్పాడు. కానీ దస్రు చెవులు గేదెల మధ్య పెరిగిన చెవులు, దూరం నుంచి వినడం అలవాటు. అతను వచ్చి మధ్యలో నిలబడ్డాడు. చాలా ఏళ్లుగా కడుపులో ఉన్నది ఆ పొద్దు బయటికొచ్చింది.

"నా చింతపండుకు తీస్తివి, ఊకున్న. ఎండినదానికి తడి తరుగు తీస్తివి, ఊకున్న. ఇప్పుడు నా మాటక్కూడా తీస్తవా సేటూ?" అని రోజారాణి వైపు తిరిగాడు. "మేడం, ఈన మాటకెంత తియ్యాలె, అది నన్నడుగు. ముప్పాతిక తీసి, మిగిలింది గూడ ఒకసారి కాటా ఎయ్యి."

వీధి నవ్వింది. మంగయ్య కాటాలో ఎన్నడో ఒకనాడు తరుగు ఇచ్చుకోని ఇల్లు అక్కడ లేదు. రోజారాణి మాత్రం నవ్వలేదు. కొత్త మాట నేర్చుకున్న మనిషిలా తల ఊపింది. తర్వాత అందరినీ కూర్చోమని నెమ్మదిగా చెప్పింది. ఇంటి కొప్పు దాకా నీళ్లు వచ్చిన మాట నిజమైతే ఈ వీధిలో గోదాము కాదు కదా, గేదెల కొట్టం కట్టడానికి కూడా వీల్లేదు. ఉన్న ఇళ్లను కూడా ఖాళీ చేయించి గుట్ట మీదికి పంపమని పైకి రాయాల్సి ఉంటుంది. రాయమంటే ఇప్పుడే రాస్తానని పెన్ను తీసింది.

గుట్ట మీద నీళ్లు లేవు, బస్సు లేదు, గేదెకు గడ్డి లేదు.

ముందు దస్రు తేరుకున్నాడు. బర్రె ఈదింది ఏట్లోననీ, ఇంట్లో కాదనీ సర్దాడు. వనజ తన ఫ్రిజ్జును వెనక్కి తెచ్చుకుంది. కొప్పు నుంచి చూరుకు, చూరు నుంచి కిటికీకి, కిటికీ నుంచి గడపకు నీళ్లు దిగడం మొదలుపెట్టాయి. దిగేటప్పుడు మోకాలి దగ్గర ఒక్క క్షణం ఆగాయి. మంగయ్య అది చాలు, అక్కడే ఉంచండని బతిమాలాడు. ఎవరూ వినలేదు. గుట్ట భయం గోదారిని వీధి చివరి దాకా తరిమింది.

"చుక్క రాలే మేడం" అన్నది వనజ. "రోడ్డు దాక వచ్చి, అట్నుంచి అటే పోయినయ్."

అందరూ అదే మాట మీద సంతకాలు పెట్టారు, సంతకం రానివాళ్లు వేలిముద్రలు వేశారు. రోజారాణి ఎండకు కందిపోయిన మొహంతో అదే రాసుకుంది. ఈ వీధికి వరద లేదు. మామూలు పునాది, అడుగు ఎత్తున గచ్చు, పర్మిషన్ ఇచ్చినట్టే. మోకాలి దాకా వచ్చిన మాట నిజమని అనేవాడు అక్కడ మంగయ్య ఒక్కడే మిగిలాడు. మేడం వెళ్లాక అతను వరండాలో కూర్చుని లెక్క వేసుకున్నాడు.

మొదట అనుకున్న ఎత్తుకే కట్టవచ్చు, వద్దనేవాళ్లు లేరు. కానీ రూలు అడగని ఎత్తు ఎందుకు? నడుము దాటేదాకా రాయి పేర్చి, దానిలో మట్టి నింపి, ఎవరికి చూపించాలి? గోదారి అంత పెద్దగా ప్రతిసారీ వస్తుందా? పిచ్చమ్మ మాత్రం రాయి ఎలాగూ ఉంది కదా, పెట్టేస్తే పోలా అన్నది. వ్యాపారం ఆడవాళ్లకు తెలియదని మంగయ్య అన్నాడు. అడుగు ఎత్తున గోదాము లేపి, మిగిలిన రాయి దస్రుకు అమ్మాడు. కొలిచి ఇచ్చేటప్పుడు తరుగు కూడా పట్టుకున్నాడు.

రేకులు పడ్డాయి, సరుకు లోపలికి చేరింది. బస్తాలో జాజు ఇంకా ఉందని పిచ్చమ్మ కొత్త గోదాముకు కూడా లోపలా బయటా, ఇంటి పట్టీ ఎత్తుకే, కిటికీ దాకా పూసింది. ఎదురుగా దస్రు అదే రాయితో, మంగయ్య మొదట అనుకున్న అదే ఎత్తుకు, గేదెల కొట్టం కట్టాడు. గేదెకు అరుగేమిటని మంగయ్య వీధంతా చెప్పి నవ్వాడు.

ఆగస్టులో భద్రాచలం దగ్గర మూడో హెచ్చరిక వేసిన రాత్రి ఎవరూ నవ్వలేదు. గోదారి మోకాలు దాటింది. బస్తాలు ఎత్తుదామంటే కూలీలు దొరకలేదు, ఎవరి సామాను వాళ్లు మోసుకుంటున్నారు. మంగయ్య, పిచ్చమ్మ కలిసి మోసినన్ని మోసి ఇంటి మిద్దె ఎక్కించారు. మిగిలినవి కళ్ల ముందే మెత్తబడ్డాయి. నీళ్లు పైకి పైకి వచ్చి, కిటికీ కింద, జాజు పట్టీ పైఅంచు దగ్గర ఆగాయి. బెత్తెడు తక్కువ లేదు, బెత్తెడు ఎక్కువ లేదు. మొదట అనుకున్న ఎత్తుకు కట్టి ఉంటే గచ్చు తడిసేది కూడా కాదు. ఆ సంగతి ఎదురుగా కొట్టంలో పొడి కాళ్లతో నిలబడి నెమరు వేస్తున్న గేదెల్ని చూస్తేనే తెలుస్తోంది.

వీధి నీళ్లన్నీ పుల్లబడ్డాయి. పిచ్చమ్మ మిద్దె అంచున కూర్చుంది. మెడ తడుముకుంది, అక్కడ పసుపుతాడు ఉంది.

"ఊరంతటికీ పులుసు వెట్టినవయ్యా. ఉప్పు కారం ఏసుకుంటే తినుడే ఇగ."

మంగయ్య నవ్వబోయి ఏడ్చాడు.

వరద తగ్గాక నష్టం రాసుకోవడానికి వచ్చింది రోజారాణే. ఈసారి వీధిలో ఎవరూ చుక్క రాలేదనలేదు. మంగయ్య ఆమెను గోదాములోకి తీసుకుపోయాడు. లోపల ఖాళీ గోనెలు, నేల మీద జిగురు, గోడ మీద ఎర్రగా కిటికీ దాకా బురద. అతను పెంచలేదు, తగ్గించలేదు. జీవితంలో మొదటిసారి కాటా సరిగ్గా పట్టుకున్నాడు.

"మేడం, కిటికీ దాక వచ్చినయ్. ఇగో, ఇక్కడికి. సరుకు ముప్పాతిక పోయింది. ఇందులో ఒక్క మాట ఎక్కువ లేదు."

రోజారాణి గోడ దగ్గరికి వెళ్లింది. గోదారి బురదా ఎరుపే, జాజూ ఎరుపే. రెండూ ఒకే చోట మొదలై ఒకే చోట ఆగాయి. ఆమె వేలితో గోకి చూసి, మంచి మనసుతోనే నవ్వింది.

"ఇది జాజు కదండి. ఆరోజు మీరే కదా నేర్పారు."

ఇది నిజంగా నీళ్లేనని అతను అన్నాడు. సున్నం కింద మరక అన్న మనిషి ఇప్పుడు జాజు మీద మరక అంటున్నాడని ఆమె అనలేదు, మర్యాద తెలిసిన పిల్ల. ఎవరినైనా అడగమంటారా అని మాత్రం అడిగింది. మంగయ్య తల తిప్పి ఎదురింటి వైపు చూశాడు. దస్రు వాకిట్లో నిలబడి ఉన్నాడు, తన ఇంట్లో నీళ్లు కొప్పు దాకా వచ్చాయని ఆమెతో అప్పటికే రాయించేశాడు.

రోజారాణి తనకు నేర్పిన పద్ధతిలోనే లెక్క కట్టింది. దస్రు కొప్పులో మూడొంతులు తీసినా కిటికీ అంత మిగిలింది, దాదాపు నిజానికి సరిపోయింది. మంగయ్య కిటికీలో దస్రు చెప్పినట్టు ముప్పాతిక తీసింది. మిగిలినదాన్ని ఒకసారి తలలోనే కాటా వేసుకుని, గోడ అడుగున చెమ్మ అని రాసింది.

"మేడం, నాకు తరుగు తీయొద్దు. ఇది నిజం మాట."

"మీ ఊరివాళ్ల మాటకు తరుగు తీయాలని మీరే చెప్పారు కదండి" అని ఆమె స్కూటీ ఎక్కింది.

సాయంత్రం పిచ్చమ్మ అడుగున మిగిలిన జాజు కలుపుతుంటే ఈసారి ఎంత ఎత్తు పుయ్యమంటావని అడిగింది. మంగయ్య ఖాళీ గోనెలు ఒక్కొక్కటే దులిపి మడత పెడుతున్నాడు. అతనికి తెలిసినంతలో, ఆ ఏడు తుమ్మలరేవులో తరుగు తీయకుండా తూచి ఇచ్చింది గోదారి ఒక్కటే.