మడ్డి లేని మిల్లు

కోరుట్లలోని శ్రీ ఇందిరా పల్లీ నూనె మిల్లుకు వరుసగా తొమ్మిదో ఏడు కూడా 'మడ్డి లేని మిల్లు' బిరుదు దక్కిందని తెలియజేయడానికి ఎంతో సంతోషిస్తున్నాము. బిరుదు ఇచ్చింది తైల మిత్రమండలి. మండలి అధ్యక్షులు బాపు రావుగారు. మిల్లు యజమాని కూడా ఆయనే కావడం వల్ల ఎంపికలో ఎలాంటి జాప్యమూ జరగలేదు.

బిరుదు ఊరికే రాలేదు. నూనె వడగట్టే ఇనుప జాలీని ఏడాదికోసారి విప్పి, నిండు సభలో ఎత్తి చూపిస్తారు. తొమ్మిదేళ్లలో దానిమీద రవ్వంత మడ్డి కనిపించలేదు. ఆ జాలీ కన్నాల్లోంచి పల్లీ గింజే జారిపోతుందన్న మాట నిజమే గాని, అది సభ పరిధిలోకి రాని విషయం.

ఇలాంటి మిల్లులోకి సిరిసిల్ల ఐలయ్య అడుగుపెట్టాడు. ఐలయ్యకు ఒకప్పుడు నాలుగు మరమగ్గాలు ఉండేవి. బట్టకు గిరాకీ పడిపోయాక మూడింటిని పాత ఇనుము కొనే దేవదాస్ తూకం వేసి పట్టుకుపోయాడు. నాలుగోదాని కోసం ప్రతి సోమవారం వచ్చి, పెళ్లిచూపులకు వచ్చినవాడిలా దాని చుట్టూ తిరిగి పోతుండేవాడు. ఐలయ్య దాన్ని అమ్మనని ప్రతిసారీ తిప్పి పంపేవాడు. తాను పుట్టిన ఏడు తండ్రి కొన్న మగ్గం అది.

పెద్ద ఫ్యాక్టరీల్లో వడగట్టడానికి ఉక్కు తీగను బట్టలాగే నేస్తారని ఎవరో చెప్పగా విన్నాడు. అవే పడుగు పేకలు, నూలుకు బదులు తీగ, అంతే. మగ్గానికి బలమైన దూలాలు బిగించి, వేళ్లు కోసుకుని, నాలుగు నెలల్లో కండువా అంత మెత్తని జాలీ నేశాడు.

"నూలు నేస్తే కట్టెటోడు లేడు. ఇగ ఇనుము నేస్తే ఎవ్వలు కడతరయ్యా?" అంది భార్య వజ్రమ్మ. అన్నదే గాని, వేళ్లకు పసుపు పెట్టింది కూడా ఆమే.

స్థానిక కళాకారులను ఉద్ధరించాలన్న సత్సంకల్పంతో బాపు రావుగారు నెల రోజుల పరీక్షకు ఒప్పుకున్నారు. నెగ్గితే మండలిలోని మిల్లులన్నిటికీ ఐలయ్య జాలీయే. ఓడితే సోమవారం దేవదాస్ నాలుగో మగ్గాన్నీ తూకం వేస్తాడు. బిగింపు రోజున సభ జరిగింది.

"మా మిల్లుల మడ్డి లేదు. అయినా జాలీ పెడుతున్నం. ఎందుకు? నేతన్న మీద ప్రేమ!" అని బాపు రావుగారు ప్రసంగించారు. ఆ ప్రేమకు గాను ఆయనకే శాలువా కప్పారు. ఐలయ్య కళ్లు అలవాటు కొద్దీ శాలువాలో అంగుళానికి ఎన్ని పోగులున్నాయో లెక్కపెట్టాయి. పాపం, చాలా తక్కువ.

మూడో రోజు జాలీ విప్పారు. దానిమీద నాలుగు వేళ్ల మందాన నల్లటి మడ్డి. అందులో పొట్టు, ఇసుక, గోనె పీచు. ఐలయ్య గుండె ఉప్పొంగింది. మిల్లు గుండె ఆగినంత పనైంది.

"ఇరువై ఏండ్ల సంది చేస్తున్న, గిసొంటి మడ్డి నా కండ్లతోని చూడలే దొరా" అని గానుగ కార్మికుడు సారయ్య లెంపలు వేసుకున్నాడు. విచారణ జరిగింది. మేనేజర్ భాస్కర్ నివేదిక సమర్పించాడు. పాత జాలీ ఉన్నంతకాలం మడ్డి లేదు. కొత్త జాలీ బిగించాకే వచ్చింది. కావున మడ్డిని పుట్టించినది జాలీయే.

"దొరా, మడ్డి నూనెలనే ఉన్నది. జాలీ దాన్ని పట్టింది" అన్నాడు ఐలయ్య.

"తొమ్మిదేండ్ల సంది లేనిది నీ చెయ్యి పడంగనే ఎట్లచ్చిందయ్యా? తీసుకపో!" అన్నారు బాపు రావుగారు.

పాత జాలీకి పసుపు కుంకుమలు పెట్టి మళ్లీ బిగించారు. ఐలయ్య తన జాలీని చుట్టి భుజాన వేసుకుని వెనక గేటు దారి పట్టాడు. ఏడుపొచ్చింది. ఏడిస్తే దాన్ని కూడా జాలీ ఖాతాలో వేస్తారని ఆపుకున్నాడు.

గేటు పక్కనే బాపు రావుగారి ఇల్లు. వంటింటి కిటికీలోంచి ఆయన భార్య ఇందిరాదేవి చేయి ఊపి పిలిచింది. లోపల నూనె డబ్బా మూతికి సన్మాన శాలువా కట్టి ఉంది. దండెం మీద మరో ఎనిమిది, నల్లగా.

"తొమ్మిది శాలువలు కట్టిన, ఐలయ్యా, మడ్డి ఆగుతలేదు. గారెలు బొగ్గులైతున్నయ్. నీ జాలీ జానెడు కోసియ్యి. దొరకు చెప్పకు."

ఐలయ్య కోసి ఇచ్చాడు. బస్టాండు చేరేలోపు మేనేజర్ భాస్కర్ ముఖానికి దస్తీ కట్టుకుని బైకు మీద వచ్చాడు. "మా ఇంటికి గాదు, మా బామ్మర్దికి" అన్నాడు. మర్నాడు సారయ్య సిరిసిల్లకే వచ్చాడు. ఆయనకూ బామ్మర్దికే కావాలి. నెల తిరిగేసరికి కోరుట్ల, జగిత్యాల, మేడిపల్లి అంతటా బామ్మర్దులే తేలారు. ఐలయ్య నేస్తుంటే వజ్రమ్మ అంచులు మడిచి, చిన్న చిన్న వడపోతలు చేసి, పాత పేపర్లో చుట్టి ఇస్తోంది. సోమవారం దేవదాస్ వచ్చాడు. మగ్గం వైపు చూడకుండా, "నాకోటియ్యన్నా" అని గొంతు తగ్గించి అడిగాడు.

ఆరు నెలలకు బాపు రావుగారి కొడుకు సాకేత్ రావు కారులో సిరిసిల్ల వచ్చాడు. చదువుకున్న పిల్లవాడు, మంచివాడు.

"ఐలయ్య కాకా, డాడీని ఒప్పించిన. నీ జాలీ మిల్లుకే బిగిస్తం. ఇగ ఎవల ఇంటికి మడ్డి పోదు."

ఈ మాట కోసం ఐలయ్య ఒకప్పుడు ప్రాణం పెట్టేవాడే. ఇప్పుడు మగ్గం వైపు చూశాడు. వజ్రమ్మ ముందున్న వడపోతల కుప్ప వైపు చూశాడు. మడ్డి పోని ఇంటికి వడపోత ఎందుకు?

"వద్దు చిన్న దొరా" అన్నాడు చేతులు జోడించి. "తొమ్మిదేండ్ల బిరుదు. గీ జాలీ కోసం మీ డాడీ పేరు ఖరాబు చేస్తరా? పాతదే మస్తుగున్నది."

ఆ విశ్వాసానికి సాకేత్ రావు కళ్లు చెమర్చాయి. పోతూ పోతూ ఒక వడపోత జేబులో వేసుకున్నాడు, స్నేహితుడి కోసం.

పదో ఏటి సభ దిగ్విజయంగా జరిగింది. ముఖ్య అతిథి ఐలయ్యగారు. పాత జాలీని ఎత్తి చూపించారు. మచ్చ లేదు. ఇంట్లో ఒక్కో వడపోత ఉన్న మూడు వందల మంది చప్పట్లు కొట్టారు. అందరికంటే ముందు మొదలుపెట్టి, అందరికంటే చివర ఆపినవాడు ఐలయ్య.