మే నెల వరద

మే నెలాఖరు సోమవారం ఉదయం పది గంటలకు మా మగ్గాల కాలనీకి వరద వస్తుందని, ప్రజలు సహకరించాలని ఆటోకు మైకు కట్టి చాటించారు. వానలు చెప్పిన టైముకు రావు. ఆఫీసు వరద అలా కాదు.

సంగతి ఏమిటంటే, భూమి వేడెక్కుతోంది. దానికి మన వరంగల్ కూడా ఒక ప్రణాళిక వేసుకోవాలి. వేశారు. చాలా అందంగా ఉంది. అట్ట మీద నెమలి. లోపల మా కాలనీ ఎర్ర రంగు. మట్టెవాడ అవతల ఏటా మునిగే చోటు మాదే కదా.

మా బుచ్చిరాములు జంపఖానాలు నేస్తాడు. అతనిది గుంట మగ్గం. కాళ్లు గుంటలో పెట్టుకుని నేయాలి. కాలనీ వెనక నాలా పొంగితే ముందు నిండేది ఆ గుంటే. మగ్గానికి ఎక్కించిన పడుగు నూలు నానుతుంది, కుళ్లుతుంది, పొయ్యిలో పిల్లి లేవదు. వానలలోపు నాలాలో పూడిక తీయించండని అతను ఆఫీసుకు పోయాడు. ప్రణాళికాధికారి కిషన్ రావు గారు కూర్చోబెట్టి, చాయ్ తాగించి మరీ చెప్పారు.

"పూడిక తీసుడు పాత పని, రాములూ. దానికి పైసల్లేవు. మారిన వాతావరణానికి అలవాటు పడుడు కొత్త పని. దానికి ఉన్నయ్."

"అలవాటు పడుడంటే ఏంది సారూ?"

"ముందుగాల మునుగుడు ప్రాక్టీస్ చెయ్యాలె."

అలా మాకు వరద మంజూరైంది.

పది ట్యాంకర్లు వచ్చాయి. రబ్బరు పడవ వచ్చింది. షామియానా వచ్చింది. మునిగేవారికి ఎండ తగలకుండా టోపీలు పంచారు. కొట్టుకుపోయే మనిషిగా మా గల్లీ మొగిలయ్యను ఎంపిక చేశారు. అతను కొత్త లుంగీ కట్టుకుని వచ్చాడు. కిషన్ రావు గారు మైకు అందుకున్నారు.

"ప్రకృతి మనకు సవాలు విసిరింది! దానిని మనం సగౌరవంగా స్వీకరిస్తున్నాం! వానాకాలానికి ఇంత ముందుగా మునిగిన నగరం ప్రపంచంలో మరొకటి లేదు! వరద వదలండి!"

వదిలారు. గల్లీలో నల్లా నీళ్లు వచ్చి వారం దాటింది. ఎదురింటి సమ్మమ్మ గడపలోంచి తొంగిచూసి కేకేసింది.

"ఓ మల్లక్కా! బిందెలు పట్టుకరాండ్రే! వరద ఉత్తగనే పోతాంది!"

పైపుల కింద బిందెలు, బకెట్లు, గంజులు పెట్టారు. నేల మీద పడిన నీళ్లు కూలర్లకు ముంచుకున్నారు. పడవ నేలకు ఆనింది. మొగిలయ్య మాత్రం పాత్ర వదలలేదు. తడి ఆరుతున్న గల్లీలో వెల్లకిలా పడుకుని "కాపాడుండ్రి!" అంటున్నాడు.

"జర అవతలికి జరుగు బావా," అంది సమ్మమ్మ. "నీ కింద రెండు చెంబుల నీళ్లున్నయ్."

కిషన్ రావు గారు గడియారం చూసుకున్నారు. కళ్లు చెమర్చాయి. పది ట్యాంకర్ల వరద పావుగంటలో మాయం! ప్రజలు ఇంత తొందరగా అలవాటు పడటం ఆయన తన సర్వీసులో చూడలేదు. రిపోర్టు పోయింది. 'వరద రహిత కాలనీ' అని బోర్డు వచ్చింది. మొగిలయ్యకు శాలువా కప్పారు. ప్రణాళికలో మా ఎరుపు చెరిపి ఆకుపచ్చ పూశారు. ఆకుపచ్చ కాలనీ వెనక పూడిక తీయడం నిబంధనలకు విరుద్ధం కాబట్టి తీయలేదు.

బోర్డు పడ్డాక ప్లాట్ల రేట్లు లేచాయి. మాలో ప్రతివాడికీ వాతావరణం మీద ప్రేమ పుట్టింది.

జూలైలో వాన పడింది. చాటింపు లేదు. నాలా ఇళ్లలోకి వచ్చింది. బుచ్చిరాములు పడుగు నెత్తికెత్తుకుని, నడుం లోతు నీళ్లలో నిలబడి అరిచాడు.

"వరదొచ్చిందిరో!"

"నోర్మూసుకో తమ్మీ!" మేడ మీంచి సమ్మమ్మ కసిరింది. "జాగ చూడ పార్టీ వచ్చిండు!"

నిజమే. సుబేదారి నుంచి రాజేశ్వర్ రావు అనే ఆసామి గొడుగు పట్టుకుని, ప్యాంటు పైకి మడిచి వచ్చాడు. నచ్చితే బుచ్చిరాములు ఇల్లే కొనేటట్టు ఉన్నాడు.

"ఏందే ఇది?" అన్నాడు నీళ్లను చూసి.

గల్లీ అంతా బుచ్చిరాములు మొహం చూసింది. బుచ్చిరాములు మగ్గం వైపు చూశాడు. మగ్గం కనపడలేదు.

"ఏం లేదు సారూ," అన్నాడు. "మగ్గం కడుగుతాన."

ఆసామి వాస్తు చూడటానికి ఫోనులో దిక్సూచి తెరిచాడు.

"నీళ్లు ఏ దిక్కుకెల్లి వస్తానయ్?"

"ఈశాన్యంకెల్లి సారూ."

ఆసామి మొహం విప్పారింది. ఈశాన్యాన నీళ్లుంటే లక్ష్మి అని మీకు నేను చెప్పాలా? గొడుగు నా చేతికిచ్చి, నీళ్లలో నిలబడే అడ్వాన్సు ఇచ్చాడు.

పక్క ప్లాటు నాది. అక్కడ ఈశాన్యం ఇంకో మూరెడు లోతు.