ఏడు పొట్లాల హంతకుడు

టైఫాయిడు వచ్చి ఇరవై రోజులు లంఖణం చేసిన మనిషికి లోకంలో కావలసింది ఒక్కటే. అన్నం. గురజాల మిషను బడిలో నాలుగో తరగతి చెప్పే ఇశ్రాయేలు మాస్టారుకి మాత్రం ఇంకొకటి కూడా కావలసి వచ్చింది. ఇంగ్లండు సీమలో ఒక లార్డుగారిని చంపిందెవరో తెలియాలి.

లార్డుగారికీ మాస్టారుకీ బంధుత్వమేమీ లేదు. ఇద్దరికీ పరిచయం కలిగించింది కాంపౌండరు ఖాజా మొహిద్దీన్.

అవి యుద్ధం రోజులు. కాగితం కన్నా బంగారం సులువుగా దొరికేది. పొట్లాలు కట్టడానికి కాగితం లేక మొహిద్దీన్ మందుపొడిని రోగుల అరచేతుల్లోనే పోసేవాడు. వాళ్ళు గాలికి సగం, తుమ్ముకి సగం పోగొట్టుకుని, ఉత్త చెయ్యి నాక్కుంటూ ఇంటికి చేరేవాళ్ళు. అయినా కొందరికి నయమయ్యేది. మందు పడకపోవడం వల్లనేనని గిట్టనివాళ్ళు అనేవాళ్ళు.

అలాంటి గడ్డుకాలంలో నడికుడి రైల్వే దొర ఒకాయన ఊరు వదిలిపోతూ, ట్రంకుపెట్టెడు ఇంగ్లీషు డిటెక్టివు నవలలు తూకానికి అమ్మేశాడు. మొహిద్దీన్ పెట్టెతో సహా కొన్నాడు. ఆయనకి ఇంగ్లీషు రాదు. అదీ మంచిదే. చదువుతూ కూర్చుంటే రోగి పోతాడు.

పుస్తకాన్ని ఆయన వెనకనుంచి చింపేవాడు. ముందు అట్ట మీద బొమ్మ ఉంటుంది కదా, పాడు చెయ్యబుద్ధి కాదు.

పద్దెనిమిదో రోజున జ్వరం దిగగానే మాస్టారు, "పండుకుని పండుకుని వీపుకి వేళ్ళు పుట్టినయ్యి మొహిద్దీనూ. చదువుకోడానికి ఏదన్నా పడెయ్యవయ్యా" అని బతిమాలాడు. మొహిద్దీన్ 'మూడో గొడుగు' అనే నవల తెచ్చి మంచం మీద పెట్టాడు.

"నలపబాకండి మాస్టారూ. వానలు మొదలైతే ఊరంతా విరోచనాలు. నాకు చానా కాయితం కావాల."

మాస్టారు మూడు రోజులు ఆ నవల్లో కాపురం పెట్టాడు. లార్డుగారు రాత్రి శుభ్రంగా భోంచేసి, అది అరగకముందే చచ్చిపోతాడు. ఇంట్లో మిగిలినవాళ్ళు పదకొండు మంది. పదకొండు మందికీ ఆయనంటే పగే, పదకొండు మందీ నవ్వుతూనే ఉంటారు. మాస్టారుకి ఇది కొత్త. పల్నాడులో అయితే చంపినవాడే మీసం దువ్వుకుంటూ ముందు వచ్చి చెబుతాడు. డిటెక్టివు అనేవాడు ఇక్కడ పస్తులుండి పోవాల్సిందే.

చివరికి డిటెక్టివు అందర్నీ హాల్లో కూర్చోబెట్టాడు. తలుపులు వేయించాడు. గొంతు సవరించుకున్నాడు. "హంతకులు ఈ గదిలోనే ఉన్నారు. వాళ్ళ పేరు..." అన్నాడు.

మాస్టారు పేజీ తిప్పాడు.

వెనక అట్ట వచ్చింది.

నూట తొంభై ఆరో పేజీకీ అట్టకీ మధ్య చిరిగిన అంచులున్నాయి. మాస్టారు వేలు పెట్టి తడిమి చూసుకున్నాడు. ఎనిమిది ఆకులు. వెంటనే మొహిద్దీన్‌కి కబురు పంపాడు. తన జ్వరం నూట అయిదున్నప్పుడు కూడా అంత తొందరగా కబురు పోలేదు.

"ఎనిమిది ఆకులేవయ్యా?"

"మీకిచ్చే ముందే చింపా. పొద్దున్నే పొట్లాలు కట్టా."

"విప్పి ఇయ్యి."

"మందో?"

"వేరే కాయితంలో కట్టుకో."

"వేరే కాయితం యాడుంది మాస్టారూ? యుద్ధం నేను పెట్టించానా?"

"పోనీ, మందుతో సహా ఇయ్యి."

మొహిద్దీన్ చెవిలో అత్తరు దూది సర్దుకున్నాడు. "రోగం లేందే మందియ్యను. మందు లేందే పొట్లమియ్యను. అల్లా దయవల్ల మీకు జొరం పోయింది. ఆ పొట్లాల డబ్బా జొరమొచ్చినోళ్ళది" అని లేచి వెళ్ళిపోయాడు.

ఆ క్షణం నుంచీ మాస్టారుకి ఊరంతా శత్రువులే. ఎవడికి జ్వరమొస్తే వాడింటికి హంతకుడు పోతాడు. వీధిలో ఎవరో దగ్గితే ఆయన గుండె జారింది.

సాయంత్రం ఆయన భార్య ఎస్తేరు బార్లీ నీళ్ళు తెచ్చింది. ఆవిడ నర్సారావుపేట బోర్డింగు బళ్ళో ఎనిమిది దాకా చదివిన మనిషి. మాట తక్కువ, చూపు ఎక్కువ.

"రేపటితో ఇరవై ఒకటి. పథ్యం పెడతా. పాత బియ్యం ఏరిపెట్టా, బీరకాయలు తెప్పించా. ఆదివారం పోయినాక కోడిని కోపిద్దాం."

ఇరవై రోజులుగా మాస్టారు కలల్లోకి వస్తున్నది ఆ బీరకాయే. కలలో అది నడిచి వచ్చేది. అయినా గుండె రాయి చేసుకున్నాడు.

"నాకెందుకో ఒళ్ళు వెచ్చగా ఉన్నట్టుందే."

"పొద్దున చల్లగానే ఉందిగా."

"అప్పుడు చల్లన. ఇప్పుడు వెచ్చన."

"పుస్తకం అయిపోయిందాకా చల్లగుండి, అయిపోంగానే కాలిందా?" అని ఎస్తేరు గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళింది.

మాస్టారు పథకం వేశాడు. పదిహేనేళ్ళుగా బడి ఎగ్గొట్టే పిల్లల చంకల్లోంచి ఉల్లిపాయలు తీసి, తీసిన చేత్తోనే వీపులు పగలగొట్టిన అనుభవం ఆయనది. ఏ సైజు ఉల్లిపాయకి ఎంత జ్వరం వస్తుందో గురజాల తాలూకాలో ఆయనకి తెలిసినంత ఏ డాక్టరుకీ తెలియదు. మంచం కింద ఉల్లిపాయల తట్ట ఉంది. మంచం పక్కన కుంపటి ఉంది. పథ్యం ఒక్క రోజు వెనక్కి పోతుంది, అంతే కదా. పోనీ.

మర్నాడు పొద్దున్నే ఒక నడితరం ఉల్లిపాయని కుంపట్లో కాల్చి, గుడ్డ చుట్టి చంకలో పెట్టుకున్నాడు. చంక బొబ్బలెక్కింది. విజ్ఞానం కోసం మనుషులు ఇంతకన్నా ఎక్కువే భరించారని సరిపెట్టుకున్నాడు. మొహిద్దీన్ గడప దాటగానే ఉల్లిపాయని దిండు కిందికి తోసి, వేడి చంకలో థర్మామీటరు పెట్టించుకున్నాడు.

"నూట మూడు! యా అల్లా, తిరగబెట్టింది!"

అత్తరు పూసుకున్న ముక్కుకి ఇంకో వాసన అందదు. మొహిద్దీన్ ఏమీ పసిగట్టలేదు. డబ్బాలోంచి మూడు పొట్లాలు తీసి చేతిలో పెట్టాడు.

ఎస్తేరు గుమ్మంలో నిలబడింది. ఒకసారి ముక్కు ఎగబీల్చింది. కుంపటి వంక చూసింది. మొగుడి వంక చూసింది. దిండు వంక చూసింది.

"అన్నయ్యా, తిరగబెట్టిన టైఫాయిడుకి లంఖణం ఎన్నాళ్ళు?"

"మళ్ళా ఇరవై ఒకటి చెల్లెమ్మా. ఒకటి కాడ్నుంచి."

ఈ సంగతి మాస్టారు పథకంలో లేదు. ఏదో అందామని నోరు తెరిచాడు. ఎస్తేరు ఆ నోట్లో మొదటి పొట్లం ఒంపి, మింగిందాకా నిలబడింది. వేపచెట్టుని వేరుతో సహా నమిలినట్టుంది. కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటేనే కాగితం విప్పి చదివాడు. రెండువందల తొమ్మిదో పేజీ. అందరూ కలిసి డిటెక్టివుని మెచ్చుకుంటున్నారు. దేనికో లేదు.

మూడు పొట్లాలు మింగేసరికి తేలింది ఇంతే. చేసింది ఆడమనిషి. పేరు ఒక్కచోటే చెప్పి, ఆ తర్వాత అంతా 'ఆమె', 'ఆమె' అని నడిపించాడు మహానుభావుడు. ఆ ఇంట్లో ఆడవాళ్ళు ఆరుగురు.

ఇక్కడ ఆగి ఉంటే మాస్టారు బతికిపోయేవాడు. కానీ ఆకులు ఇంకా ఉన్నాయి.

రెండో రోజు రెండో ఉల్లిపాయ. "చలేస్తందేమో, కుంపటి ఇంకాస్త దగ్గరికి జరపనా?" అని ఎస్తేరే జరిపిపోయింది. మాస్టారు మనసులో ఆవిడ అమాయకత్వానికి జాలిపడ్డాడు. మళ్ళీ నూట మూడు. మళ్ళీ మూడు పొట్లాలు. గొడుగుకి అంటిన బురద ఏ రంగో తెలిసింది. పేరు తెలియలేదు.

మాస్టారుకి తిరగబెట్టిందన్న వార్త ఊరంతా పాకింది. మధ్యాహ్నానికి సంఘపెద్ద అబ్రహాము తాత పదిమందిని వెంటబెట్టుకుని ప్రార్థనకి వచ్చాడు. తాత ప్రార్థన ఆదాము దగ్గర బయల్దేరితే గురజాల చేరేసరికి పొద్దు వాలుతుంది. అంతసేపు మోకాళ్ళ మీద ఉన్నవాళ్ళని ఉత్త చేతుల్తో పంపితే మర్యాద కాదు కదా. ఎస్తేరు కోడిని కోయించింది.

మాస్టారు కోడి. ఆయన కోసమే మేపిన కోడి. గోంగూర వేసి వండింది.

"ఏమే, అది ఆదివారం పోయినాక నాకు..."

"మీకు ఇరవై రోజుల తర్వాత గదండీ. అప్పటిదాకా కోడి ఆగొచ్చు గాని, వచ్చినోళ్ళు ఆగుతారా?"

మంచం చుట్టూ విస్తళ్ళు వేసి వడ్డించింది. అబ్రహాము తాత ఎముక పీలుస్తూ, "బాధపడబాకురా ఇశ్రాయేలూ. నీ కోసమే తింటన్నాం" అన్నాడు. మాస్టారు బార్లీ నీళ్ళ గిన్నెలో తన మొహం చూసుకుని, సీమలో లార్డే అదృష్టవంతుడనుకున్నాడు. తిని చచ్చాడు.

మూడో రోజు డబ్బాలో మిగిలింది ఒక్క పొట్లం. ఏడోది. మాస్టారు దాన్ని కళ్ళకద్దుకుని విప్పాడు. డిటెక్టివు రైలెక్కి లండను పోతూ, ఫలానా స్టేషన్లో రొట్టె బాగుంటుందని చెబుతున్నాడు. కింద 'సమాప్తం'.

"ఎనిమిదోదేదయ్యా!" అని అరిచాడు మాస్టారు. ప్రార్థనకి వచ్చినవాళ్ళు ఉలిక్కిపడ్డారు. ఈసారి ఇరవై మంది. నిన్నటి కూర సంగతి కూడా ఊళ్ళో పాకింది.

"జొరం పొట్లాలు ఏడే మాస్టారూ, అయిపోయినయ్యి."

"అయితే నాకు జొరం లేదు! అసలు లేనే లేదు! లార్డుని చంపిన ఆడది ఎవరో తెలిస్తే చాలు, నాకు అన్నం పెట్టండి!"

గదిలో అందరూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు.

"సంధి పుట్టింది. పలవరిస్తన్నాడు," అన్నాడు మొహిద్దీన్.

"సంధే," అన్నాడు అబ్రహాము తాత. "మా మేనమామా ఇట్టాగే జొరం లేదు లేదంటానే పోయాడు."

"సంధి కాదు తాతా! గొడుగులు మూడు. మూడో గొడుగుకి ఎర్రబురద..."

"ముదిరింది" అన్నారు ఇరవై మందీ.

మొహిద్దీన్ సంచిలోంచి రబ్బరు గొట్టం తీశాడు. "ఎనిమా ఇస్తే వేడి దిగిద్ది. కాళ్ళు పట్టుకోడానికి నలుగురు రండి."

"ఎస్తేరూ! నువ్వన్నా చెప్పవే!"

"నేనేం చెబుతానండీ, ఆడదాన్ని," అంది ఎస్తేరు. "కానియ్యి అన్నయ్యా. కాసిని నీళ్ళు ఎక్కువే తెమ్మంటావా?"

నలుగురూ మంచం దగ్గరికి వచ్చారు. గొట్టం కూడా వచ్చింది. మాస్టారు దిండు కింద చెయ్యి పెట్టి, మూడు ఉల్లిపాయలూ సంఘం ఎదుట దుప్పటి మీద పెట్టాడు. అందులో ఒకటి ఇంకా పొగలు కక్కుతోంది.

ఇరవై మందిలో ఏడుగురు ఆయన దగ్గర నాలుగో తరగతి చదివినవాళ్ళు. ఉల్లిపాయలకి తిన్న దెబ్బలు వాళ్ళ వీపులకి జ్ఞాపకమొచ్చినట్టున్నాయి, తడుముకున్నారు.

"కూర లేనట్టేనా ఈ పూట?" అన్నాడు అబ్రహాము తాత లేస్తూ.

అందరూ వెళ్ళాక మాస్టారు మెల్లగా అడిగాడు. "నీకు ఎప్పుడు తెలిసిందే?"

"మొదటి రోజే. కాల్చిన ఉల్లిపాయ వాసన వంట చేసేదానికి తెలవదా?"

"మరి అప్పుడే చెప్పొచ్చుగా!"

"ఆఖరి పేజీ ముందే చెబితే మజా ఏముంటదండీ?"

ఎస్తేరు పథ్యం వడ్డించింది. బీరకాయ, మిరియాల చారు. మాస్టారు మూడుసార్లు మారు పెట్టించుకున్నాడు. మెల్లగా అని ఆవిడ అంటున్నా వినకుండా, నిన్నటి గోంగూర కోడి అడుగుది కూడా గీక్కుని తిన్నాడు. కడుపు నిండగానే మళ్ళీ లార్డు గుర్తొచ్చాడు. కథంతా ఆవిడకి చెప్పాడు. గొడుగులు చెప్పాడు, వీలునామా చెప్పాడు, పెద్దకోడలి అబద్ధాలు చెప్పాడు.

ఎస్తేరు చెయ్యి కడిగిస్తూ అడిగింది. "ఆ పొద్దున ఏం తిన్నారు వాళ్ళు?"

"తిండి సంగతెందుకే? గుడ్లే, గాని తినలేదు. వంటామె ఉడకేసిన పదకొండు గుడ్లూ బల్ల మీద అట్టాగే చల్లారిపోయినయ్యని రాశాడు. అప్పుడే గదా పనిమనిషి మేడ మీదినుంచి కేక పెట్టింది, అయ్యగారు చచ్చిపోయారని."

"ఇంట్లో లార్డుతో కలిపి పన్నెండు మంది గదా?"

"అవును."

"కేక వినకముందే పదకొండే ఎందుకు ఉడకేసింది?"

మాస్టారు నవ్వాడు. "పిచ్చిదానా, వీలునామా కోసం పెద్దకోడలు చంపింది. ఆరొందల ఎకరాల ఎస్టేటు ఆడ తగలడుతుంటే నువ్వు గుడ్లు లెక్కపెడతావేంది? ఎనిమిదో క్లాసు బుర్ర!"

పొద్దు గూకేలోగా మాస్టారు కడుపు నగారాలాగా బిగిసింది. ఈసారి ఉల్లిపాయ అవసరం లేకుండానే మెలికలు తిరిగాడు. మొహిద్దీన్ వచ్చి, దిండు కింద చూసి, దుప్పటి కింద చూసి, చివరికి పొట్ట నొక్కి చూసి నమ్మాడు. వేరే డబ్బా తీశాడు.

"అజీర్ణం. ఇదిగోండి పొట్లం. అన్నట్టు మీ ఎనిమిదో ఆకు ఇదే మాస్టారూ. జొరం డబ్బా నిండితే ఈ ఒక్క ఆకులో అజీర్ణం పొడి కట్టి ఈ డబ్బాలో ఏశా."

రోగం ఎంచుకోవడంలోనే పొరపాటు జరిగిందన్నమాట. మాస్టారు పొడిని నోట్లో పోసుకుని, కాగితాన్ని దీపం దగ్గర పెట్టాడు. నూట తొంభై ఏడో పేజీ. మొదటి వరుసలోనే ఉంది. వంటామె. రెండో వరుసలో గుడ్లున్నాయి.

"ఏం రాశాడండీ?" ఎస్తేరు వంటింట్లోంచి అడిగింది.

మాస్టారు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పిడికిట్లో దాచాడు. "చిరిగిపోయిందే. సరిగ్గా పేరున్న కాడే. కనపళ్ళేదు."

"పోన్లెండి," అంది ఎస్తేరు. "మొహిద్దీనన్నయ్య పెట్టెలో ఇంకో నలభై ఉన్నయ్యంట. మీరు సగం దాకా చదివి నాకు చెప్పండి. మిగతా సగం నే చెబుతా. యుద్ధం రోజుల్లో కాయితం దండగెందుకు?"