ఇంద్రమ్మ బొట్టు పెట్టిన మిషన్

నారాయణఖేడ్‌లో మోటార్లు బాగుచేసే సంగమేశ్ ఆ ఆదివారం పెద్ద పనులేమీ పెట్టుకోలేదు. బస్టాండుకు పోయి బామ్మర్దిని తీసుకురావాలి, తుక్కుతో తాను సొంతంగా తయారుచేసిన లేత్ చూపించాలి, అతని నోరు మూయించాలి. అంతే.

లేత్ అంటే ఇనుప కడ్డీని గిర్రున తిప్పుతూ కావలసిన సైజుకు చెక్కే యంత్రం. అది లేక సంగమేశ్ అరిగిన ప్రతి షాఫ్టునూ, అంటే మోటారు ఇరుసునూ, జహీరాబాద్‌లో ఉన్న బామ్మర్ది సుధాకర్ దుకాణానికి పంపేవాడు. సుధాకర్ షాఫ్టుతో పాటు ఒక సలహా కూడా పంపేవాడు. "బావా, ఎందుకీ పరేషానీ? దుకాణం బంద్ పెట్టి నా దగ్గర పనికి రారాదు?" ఒకరోజు సంగమేశ్‌కు రోషం పొడుచుకొచ్చింది. "నేనే లేత్ చేస్త. దానిమీద ఒక్క పిన్ను సక్కగ రాకున్నా నీ యెంట జహీరాబాద్ బస్సెక్కుత," అనేశాడు. అన్నది భార్య నర్మద ముందు. ఇక వెనక్కి తీసుకునే దారి లేదు.

పాత గర్డర్ ముక్క, ఆటో గేర్‌బాక్సు, కాలిపోతే తీగ తిరిగి చుట్టిన పిండిగిర్ని మోటారు. వీటిని కలిపి అతను నిలబెట్టిన లేత్ చూడటానికి అందంగా ఉందని ఎవరూ అనరు. "రంగేస్తే అతుకులు దాస్తుండంటరు," అని రంగు కూడా వేయలేదు. నల్లగా, నూనె ఓడుతూ, గోడ మూలన తుక్కు కుప్ప పక్కనే ఉంది. వాకిలి మధ్యలో మాత్రం బోరంచ ఊరి రైతు సంగప్ప బాగుచేయమని ఇచ్చిపోయిన గడ్డి కోసే మిషన్ ఆకుపచ్చ రంగేసుకుని పెళ్లికొడుకులా నిలబడి ఉంది.

"అమ్మా, సుధాకర్ వస్తుండు. మిషన్‌కు బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టు. మూలకున్న తుక్కు ఎవరికన్న ఇచ్చి సాఫ్ చేయించు," అని తల్లి ఇంద్రమ్మకు చెప్పి బండి ఎక్కాడు సంగమేశ్. అతని దృష్టిలో ఆ వాకిట్లో ఉన్నది ఒక్కటే మిషన్. ఇంద్రమ్మేమో కల్హేర్‌లో కూతురింట్లో చాలా రోజులుండి నిన్న రాత్రే వచ్చింది. విడమరచి చెప్పడానికి నర్మద కూడా లేదు, తమ్ముడి కోసం మటన్ తేవడానికి పోయింది.

సంగమేశ్ బామ్మర్దితో తిరిగివచ్చేసరికి గడ్డి కోసే మిషన్‌కు పసుపు, కుంకుమ, బంతిపూల దండ, నిమ్మకాయలు అన్నీ అమరాయి. మిషన్ తీసుకుపోదామని వచ్చిన సంగప్ప తన మిషన్‌ను ఎగాదిగా చూస్తున్నాడు. ఇంద్రమ్మ దానికి చేతులడ్డం పెట్టింది.

"ముట్టకు! నా కొడుకు రాత్రీపగలూ కష్టపడి చేసిండు."

"అవ్వా, అది నాది. నేనే ఇచ్చిపోయిన."

ఇస్త్రీ చొక్కా నలగకుండా సుధాకర్ దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. "బావా, ఇది గడ్డి కోస్తది గద?" అన్నాడు మెల్లగా.

సంగమేశ్ గోడ మూల చూశాడు. మూల ఊడ్చి, నీళ్లు చల్లి ఉంది.

"అమ్మా! గీడున్నది ఏమైంది?"

"గా నల్ల కుప్పనా? పాత ఇనుముకు ఉల్లిగడ్డలిచ్చే ఆటో వస్తే ఇచ్చిన. ఎత్తలేక సచ్చిండ్రు పాపం," అంటూ ఇంద్రమ్మ ఉల్లిగడ్డల సంచి, ప్లాస్టిక్ టబ్బు గర్వంగా చూపించింది. "టబ్బు ఊకెనే ఇయ్యలే, కొట్లాడి తీసుకున్న."

సుధాకర్ గడియారం చూసుకున్నాడు. "సాయంత్రం బస్సుకు పోదామా బావా?"

సంగమేశ్ బండి తిప్పాడు. "ఆటోవాణ్ని నేనే గుర్తుపడత," అని ఇంద్రమ్మ సంచీ టబ్బుతో సహా మధ్యలో ఎక్కింది. సుధాకర్‌కు బండి చివరన నాలుగు వేళ్ల చోటు దక్కింది. "నా మిషన్ సంగతి తేల్చి పొండ్రి!" అని అరుస్తూ సంగప్ప తన బండిమీద వెంటపడ్డాడు. ఇన్ని అరుపులు విన్న చౌరస్తాలోని కుర్రాళ్లు దొంగను తరుముతున్నారనుకుని వాళ్లూ బండ్లు తీశారు. ఎవరు దొంగో ఎవరికీ తెలియదు. టబ్బు పట్టుకున్న ముసలమ్మమీదే ఎక్కువమందికి అనుమానం.

కల్హేర్ రోడ్డులో ఆటో దొరికింది. పారిపోయే స్థితిలో లేదు. లేత్ బరువుకు వెనక చక్రాల మీద బరువు మోసే కమాను పట్టీలను పట్టి ఉంచే పిన్ను విరిగి, ఒక పక్కకు కూలబడి ఉంది. ఆటో యజమాని నర్సింగ్ తల పట్టుకుని కూర్చున్నాడు.

"నా లేత్ నాకియ్యి," అన్నాడు సంగమేశ్.

"ఉల్లిగడ్డలిచ్చి కొన్న. ఇగ నాదే. తుక్కు తుక్కే, లేతేంది?" అన్నాడు నర్సింగ్.

సంగమేశ్ ఇటు సుధాకర్‌ను, అటు విరిగిన పిన్నును చూశాడు. "ఇది తుక్కయితే నీ ఆటోకు పిన్ను రాదు. పిన్నొస్తే మాత్రం నీ ఆటోలనే ఇంటికి తెచ్చి దించాలె. సరేనా?"

"సరే," అన్నాడు నర్సింగ్. వేరే దిక్కు కూడా లేదు.

రోడ్డు పక్కన బోరు, స్టార్టర్ డబ్బా ఉన్నాయి. పొలం సంగప్ప మేనల్లుడిది కావడంతో కరెంటుకు అడ్డు చెప్పేవాళ్లు లేరు. దొంగను కొట్టడానికొచ్చిన కుర్రాళ్లు లేత్‌ను దించి, బోరు దగ్గర బట్టలుతికే బండమీద పెట్టారు. ఒక మూల ఎత్తింది సుధాకరే. అతని ఇస్త్రీ చొక్కా మీదికి నూనె మరక ఎక్కింది.

"ఇన్ని కుదుపులు తిన్నంక సక్కగ తిరగదు బావా," అన్నాడతను. ఆ మాటలో ఎగతాళి లేదు, భయమే ఉంది. సంగమేశ్‌కూ అదే భయం. అడుగున రేకు ముక్కలు దోపి సమం చేశాడు. నర్సింగ్ ఆటోలోని తుక్కులోంచే పాత షాఫ్టు ముక్క ఏరి బిగించాడు. స్విచ్ వేశాడు.

లేత్ ఒకసారి మూలిగింది. తర్వాత నున్నటి శబ్దంతో తిరిగింది. ఇనుప పొట్టు ఉంగరాలు ఉంగరాలుగా చుట్టుకుంటూ రాలుతుంటే కుర్రాళ్లు మెడలు చాచి చూశారు. తన కొడుకు ఏం చేశాడో ఇంద్రమ్మకు అప్పుడు తెలిసింది. కళ్లు తుడుచుకుంటూ, "నా కొడుకే," అని పక్కనున్న ఒక్కొక్కరికీ చెప్పింది. వాళ్లెవరూ ఆమెకు తెలియరు.

సుధాకర్ జేబులోంచి కొలత పరికరం తీశాడు. బావను ఓడించడానికే వెంట తెచ్చుకున్నాడు దాన్ని. పిన్నును ఈ కొసన, ఆ కొసన, మధ్యలో కొలిచాడు. వెంట్రుకవాసి తేడా లేదు. మళ్లీ కొలిచాడు. పిన్ను ఆటోలో దిగి కూర్చుంది. ఆటో లేచి నిలబడింది. సంగమేశ్ ఛాతీ అంతకంటే పైకి లేచింది. దాన్ని దాచుకోవాలన్న ఆలోచన కూడా అతనికి రాలేదు.

"బావా," అన్నాడు సుధాకర్ నూనె చేతులు ఎక్కడ తుడుచుకోవాలో తెలియక. "నా లేత్ రిపేరుకొచ్చింది. పనులు ఆగినయ్. షాఫ్టులు నీకు పంపుత, చేసి పెడ్తవా?"

"పంపు. సలహాలు పంపకు," అన్నాడు సంగమేశ్.

సాయంత్రం జహీరాబాద్ బస్సులో సుధాకర్ ఒక్క టికెట్టే తీసుకున్నాడు.